అమ్మ పోసింది

పగిడ్యాలలో మా అవ్వ వాకిలికి వేపమండలు కట్టిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. శివరాత్రి వెళ్ళింది, ఉగాది ఇంకా రాలేదు. వేపచెట్లు లేతచిగురు తొడిగే రోజులు. రాత్రి ఒళ్ళు వెచ్చబడింది, తెల్లారేసరికి పొట్టమీద నాలుగైదు నీటిపొక్కులు లేచాయి. అవ్వ నా చొక్కా ఎత్తి చూసింది. పొక్కు మీద వేలు పెట్టలేదు. రెండు చేతులూ జోడించి, "అమ్మ పోసింది" అన్నది.

ఆ మాటతో ఇంటి తీరే మారిపోయింది. పొయ్యిమీద తాలింపు ఆగింది. నీసు ఆగింది. చుట్టాలకు కబురు పోయింది, రావొద్దని. నులకమంచం మీద పాత నూలుచీర పరిచి, దానిమీద వేపాకు చల్లి నన్ను పడుకోబెట్టారు. అన్నం అంటే పెరుగన్నమే, తాగడానికి చల్లటి రాగి అంబలి. దురదకు చెయ్యి పోతే అవ్వ పట్టుకునేది. "గోకొద్దు నాయనా, అమ్మకు కోపం వస్తాది" అంటూ వేపమండతో మెల్లగా నిమిరేది. అంతకుముందు రోజు దాకా నన్ను కేకలేసిన మనిషి ఆ తొమ్మిది రోజులూ గొంతెత్తి ఒక్క మాట అనలేదు. నా ఒంట్లో ఉన్నది అమ్మవారాయె.

ఆ "పోసింది" అన్న మాట నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. జ్వరం వస్తుంది, దగ్గు పట్టుకుంటుంది, గజ్జి లేస్తుంది. పోసేది మాత్రం అమ్మవారొక్కతే. చేటలోంచి గింజలు పోసినట్టు ఒంటినిండా పొక్కులు పోస్తుందన్నమాట. ముత్యాలమ్మ పేరులోని ముత్యాలు ఈ పొక్కులేనని పెద్దలు చెప్పేవారు. మా సీమ పల్లెల్లో పెద్దమ్మ, సుంకులమ్మ, మారెమ్మ, ఎల్లమ్మ, ఎవరి గుడి ముందు నిలబడ్డా మొక్కులో ఈ భయం ఒకటి ఉండేది. మారెమ్మ పేరులోనే మారి ఉంది. మారి అంటే ఊళ్ళను తుడిచిపెట్టే రోగం.

అయితే నాకు పోసింది ఆటలమ్మ. అమ్మవారన్న పేరు పుట్టింది ఆటలమ్మను చూసి కాదు. ఆ పేరుకు అసలు హక్కుదారు వేరే ఉంది. అది మశూచి. మా అవ్వ తరం దాన్ని పెద్దమ్మవారు అనేది, ఆటలమ్మ చిన్నమ్మవారు. మూడోది తట్టు, కొన్నిచోట్ల పొంగు అంటారు. ఒళ్ళంతా దద్దుర్లు లేపే ఈ మూడింటినీ మనవాళ్ళు ఒక్క తల్లి కిందే చేర్చారు, ఎర్రటి దద్దు కనపడగానే ఏది ఏదో తేల్చుకునే వీలు ఎవరికీ లేదు కాబట్టి.

మశూచి అన్న మాట సంస్కృతం మసూరిక నుంచి వచ్చింది. మసూరమంటే మనం మైసూరు పప్పు అని కొనే ఎర్రపప్పు గింజ. ఆ గింజంత పొక్కులు లేస్తాయని ఆ పేరు. మాధవనిదానంలో మసూరికకు ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. తట్టునూ మశూచినీ విడదీసి రాసిన వైద్యుడు పర్షియాకు చెందిన అల్ రాజీ, 10వ శతాబ్దం తొలి రోజుల్లో. ఆటలమ్మ వేరు, మశూచి వేరు అని ఇంగ్లండులో విలియం హెబెర్డెన్ 1767లో గట్టిగా తేల్చాడు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. మశూచి పొక్కులు ముఖం మీదా కాళ్ళూ చేతుల మీదా ఎక్కువ, అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ లేస్తాయి. అన్నీ ఒక్క ఈడువే, ఒకేసారి చీము పడతాయి, ఒకేసారి పక్కు కడతాయి. ఆటలమ్మ పొక్కులు పొట్ట మీదా వీపు మీదా మొదలై విడతలు విడతలుగా వస్తాయి. ఒక్క అరచేతి మేరలోనే ఎర్రటి చుక్క, నీటిబుడగ, ఎండిన పక్కు, మూడూ కనిపిస్తాయి. తట్టులో అసలు నీరే ఉండదు. ముందు కళ్ళు ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు కారుతుంది, దగ్గు వస్తుంది. ఆ తర్వాత చెవుల వెనక నుంచి దద్దు కిందికి దిగుతుంది.

పుట్టుక చూస్తే ఈ మూడూ ఒక ఇంటివి కావు. మశూచి వైరస్ దగ్గరి చుట్టాలు ఒంటెలకు వచ్చే అమ్మవారిలోనూ, ఆఫ్రికా ఎడారి ఎలుకలకు వచ్చే దానిలోనూ ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం 12వ శతాబ్దంలో చనిపోయిన ఈజిప్టు రాజు ఐదో రామ్సెస్ మమ్మీ ముఖం మీద మశూచి పొక్కుల్లాంటి మచ్చలున్నాయి. తట్టు వైరస్ పశువుల ముసర రోగం వైరస్‌కు తోబుట్టువు. మనిషి పశువును కట్టుకొట్టానికి తెచ్చుకుని, ఊళ్ళు పెద్దవయ్యాక ఆ రోగం కొట్టం దాటి ఇంట్లోకి వచ్చింది. మన ఎద్దులను మందలు మందలుగా చంపిన ముసర భూమ్మీద లేదని 2011లో ప్రకటించారు. దాని తోబుట్టువు మాత్రం మన పిల్లల మధ్య ఇంకా తిరుగుతోంది.

పెద్దమ్మవారు సోకితే పదిమందిలో ముగ్గురు పోయేవారు. బతికినవాళ్ళలో ముఖం నిండా గుంటలు పడినవాళ్ళూ, చూపు పోయినవాళ్ళూ ఉండేవారు. మా జిల్లా దాన్ని అన్నిటికంటే ఘోరంగా చూసింది ధాత కరువులో, 1876-78 నడుమ. 1871లో 9 లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881 లెక్కలకు 7 లక్షల లోపుకు పడిపోయింది. నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. ఆకలి చంపింది కొందరినే. బక్కచిక్కిన ఒళ్ళ మీద గత్తర, రక్తవిరేచనాలు, జ్వరాలు, మశూచి పడి మిగతావాళ్ళను చంపాయి. గంజికేంద్రాల దగ్గర వేలమంది ఒకచోట చేరడంతో రోగానికి దారి ఇంకా సులువైంది. ఆ కరువును కథలుగా చెప్పుకుంటాం కానీ అందులో అమ్మవారి వంతు ఎంతో ఎవరూ చెప్పరు, అది నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక టీకా కథ. పద్యానికి టీకా తాత్పర్యం రాయడంలోని టీకా సంస్కృతం, వ్యాఖ్య అని అర్థం. చేతికి వేసే టీకా హిందీ నుంచి వచ్చింది, అసలు అర్థం బొట్టు. బెంగాలులో టీకాదార్లు మశూచి పొక్కు రసాన్నే తీసి మంచి ఒంట్లో గుచ్చేవారు. రోగం తేలికగా వచ్చి పోయేది, ఒక్కోసారి చంపేది కూడా. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు పొదుగుకు వచ్చే పొక్కుల రసంతో అదే పని ప్రమాదం లేకుండా చేశాడు.

ఆ రసం మనదాకా రావడమే ఒక సాహసం. ఓడలో తెస్తుంటే ఎండకు చచ్చిపోయేది. వియన్నా నుంచి కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రాల మీదుగా చివరికి దాన్ని బొంబాయికి చేర్చారు. అక్కడ 1802 జూన్ 14న మూడేళ్ళ అన్నా డస్ట్‌హాల్ చేతికి వేసిన టీకా నిలిచింది. ఎనిమిదో రోజున ఆ పసిపిల్ల చేతి పొక్కులోంచి తీసిన రసమే పూనా, సూరత్, హైదరాబాద్, మద్రాసు దారి పట్టింది. మనదేశంలో కోట్లాది ప్రాణాలు నిలిచిన ఆ వరుసకు మొదలు ఒక పసిచెయ్యి.

జనం నమ్మలేదు, నమ్మకపోవడంలో తప్పూ లేదు. పరాయి పాలకుడు మన బిడ్డ చేతిని గీరి రసం పెడతానంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒంట్లో ఉన్నది అమ్మవారైతే ఆమెను కాదనడం కాదా? మద్రాసులో ఉద్యోగం చేస్తున్న ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఈ చిక్కును గట్టిగా అర్థం చేసుకున్నాడు. ధన్వంతరికి అమ్మవారే చెబుతున్నట్టుగా, ఈ టీకా ఆవు మనకిచ్చిన వరమని ఒక కథ కట్టాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని 1816లో నిరూపించిన ఎల్లిసే ఈ ఎల్లిస్. మన భాష వేరు వెతికినవాడే మన భయం వేరునూ వెతికాడు. అమ్మవారిని తోసెయ్యకుండా ఆమె నోటితోనే మాట చెప్పించాలన్న ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది, కల్పితకథతో నమ్మించడం మనసుకు కాస్త గుచ్చుకున్నా.

తర్వాతి వందేళ్ళు ఎండతోనే పోరాటం. మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్యశాఖలో పనిచేసిన కింగ్ అనే అధికారి టీకా రసాన్ని గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్ అనే జిడ్డులో కలిపి వేడికి తట్టుకునేలా చేశాడు. ఆయన పేరు మీదే గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. దూడల చర్మం మీద పెంచిన రసం అక్కడ తయారై ప్రెసిడెన్సీలోని జిల్లాలకు వెళ్ళేది. కర్నూలు కూడా అప్పుడు మద్రాసు కిందే. స్వాతంత్ర్యం వచ్చాక ఎండబెట్టి పొడిచేసిన టీకా వచ్చింది. దేశంలో దాన్ని తయారుచేసిన నాలుగు చోట్లలో గిండీ ఒకటి, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. ఆ పొడిని ద్రవంలో కలిపి, రెండు కొనలున్న చిన్న సూదితో చేతిమీద పదిహేను పోట్లు పొడిచేవారు. మా అవ్వ ఎడమచేతి మీద పాత తరహా టీకా మచ్చలు రెండు ఉండేవి, గుండ్రంగా, నడుమ ముడతలు పడి. చిన్నప్పుడు వాటిలో వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి.

1974లో దేశంలో 1 లక్షా 88 వేల మందికి మశూచి సోకింది, ఎక్కువగా బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాలుల్లో. ఇంటింటికీ తిరిగి, ఒక్క రోగి కనిపిస్తే ఆ చుట్టుపక్కలవాళ్ళందరికీ టీకాలు వేశారు. 1975 మే తర్వాత దేశంలో మళ్ళీ కేసు లేదు. రోగిని చూపిస్తే వెయ్యి రూపాయలని ప్రకటించినా ఎవరూ చూపలేకపోయారు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్యసభ మశూచి భూమ్మీద లేదని ప్రకటించింది. వేల ఏళ్ళ భయం నుంచి పుట్టిన పేరుకు అసలు హక్కుదారు ఆ రోజుతో లేకుండా పోయింది. అందుకే ఇప్పుడు అమ్మవారంటే చిన్నమ్మవారే.

తట్టు కూడా వెనకబాట పట్టింది. 1954లో అమెరికాలో ఎండర్స్, పీబుల్స్ దాని వైరస్‌ను వేరుచేస్తే 1963కు టీకా వచ్చింది, మనకు 1985 నుంచి అందరి పిల్లలకూ వేస్తున్నారు. 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకాలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని బడులకే తెచ్చి వేశారు. ఇప్పుడు పసిపిల్లలకు తొమ్మిదో నెలలో ఒకటి, ఏడాదిన్నరకు ఇంకొకటి వేస్తున్నారు. తట్టు చాలామంది అనుకునేంత తేలిక రోగం కాదు. న్యుమోనియా తెచ్చి చంపుతుంది, తిండి చాలని పిల్లల చూపు తీస్తుంది. మొదటి టీకాతోపాటు విటమిన్ ఎ చుక్కలు వేసేది అందుకే.

ఆటలమ్మకూ టీకా ఉంది. 1974లో జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి తయారుచేశాడు, ఓకా అనే ఇంటిపేరున్న పిల్లవాడి పొక్కులోని వైరస్‌తో. మన ప్రభుత్వ టీకాల పట్టికలో అది లేదు, కొనుక్కోవాలి. అందువల్లే పల్లెల్లో ఏటా ఎండలు ముదిరే వేళకు వేపమండలు కనిపిస్తాయి.

ఆ వేపమండలను నేను తేలిగ్గా చూడలేను. వాకిట్లో కొమ్మ కనపడితే పక్కింటి పిల్లలు లోపలికి రారు. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి ఆఖరి పొక్కు పక్కు కట్టేదాకా ఆటలమ్మ అంటుకుంటుంది, తొమ్మిదో రోజు స్నానందాకా చుట్టాలను ఆపడం ఆ లెక్కకు దాదాపు సరిపోయింది. గోకొద్దనడమూ సరైనదే. గోరు తగిలి చిట్లిన పొక్కులోకి బ్యాక్టీరియా దిగితే చీము పడుతుంది, ఒక్కోసారి రక్తంలోకీ పాకుతుంది. ఆటలమ్మ వైరస్ వల్ల వచ్చేది కాబట్టి యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు, చీము పట్టినప్పుడే దాంతో పని. జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు, పారాసిటమాల్ చాలు. కానీ గర్భిణికీ పెద్దవాళ్ళకూ నెలల పిల్లలకూ పోస్తే, ఊపిరి ఆడకపోతే, అమ్మకు కోపమొస్తుందని ఆసుపత్రికి పోకుండా కూర్చోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఎసైక్లోవిర్ అనే మందు ఉంది, మొదటి రోజే మొదలుపెడితే పనిచేస్తుంది.

నాకు పోసిన అమ్మవారు దిగిపోయిందని తొమ్మిదో రోజు అవ్వ వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్ళు పోసింది. పెద్దమ్మ గుడికి పెరుగన్నం తీసుకుపోయింది. ఆటలమ్మ నిజానికి దిగిపోదు. వెన్నెముక పక్కన నరాల ముడుల్లో ముడుచుకుని పడుకుంటుంది, యాభై అరవై ఏళ్ళయినా. వయసు మీదపడి ఒళ్ళు బలం తగ్గినప్పుడు ఒక్క నరం పట్టుకుని మళ్ళీ పైకి వస్తుంది. అదే సర్పి. ఇంగ్లండులో ఒక చిన్న ఊరి వైద్యుడు ఎడ్గర్ హోప్ సింప్సన్, పదహారేళ్ళు తన దగ్గరికి వచ్చిన సర్పి రోగుల వివరాలన్నీ రాసి పెట్టుకుని 1965లో ఈ సంగతి బయటపెట్టాడు. సర్పి నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి బతకడని మనవాళ్ళంటారు. అది అలా కలవదు. పట్టుకున్నది ఒకవైపు నరాన్ని, ఆ నరం పరిధి ఒంటి నడిమి గీత దగ్గరే ఆగిపోతుంది.

అవ్వకు డెబ్భై దాటాక కుడివైపు నడుం మీద సర్పి లేచింది. ఎర్రమన్ను పూయించుకుని, మంటకు ఓర్చుకుంటూ నులకమంచం మీదే పడుకునేది. మా అక్క ఏడాది కొడుకు పగలంతా ఆమె పక్కనే దొర్లేవాడు. సర్పి పుండు నీరు తగిలితే, ఆటలమ్మ ఇంకా పోయని పిల్లవాడికి పోసేది ఆటలమ్మే. రెండు వారాలు దాటాక వాడి పొట్టమీద నాలుగు నీటిపొక్కులు లేచాయి.

అవ్వ మెల్లగా లేచి వాణ్ణి చూసింది. రెండు చేతులూ జోడించింది. వీధిలో ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అనుకుంటూ, తన చిన్నతనంలో ఎప్పుడో తన ఒంట్లోకి వచ్చి అన్నేళ్ళూ తనలోనే పడుకున్న ఆ తల్లి కోసం, ఒక చేత్తో నడుం పట్టుకుని పెరట్లోకి నడిచి, వేపమండలు విరిచి తెచ్చి వాకిలికి కట్టింది.