సిక్సరూ, సరిహద్దూ

అతిశయోక్తిని మన ఆలంకారికులు దోషంగా ఎంచలేదు; కావ్యానికి భూషణమన్నారు. కవి చెప్పినదంతా యథార్థమని పాఠకుడు భ్రమపడడు. ఇరువురికీ నడుమ అటువంటి ఒడంబడిక ఒకటి ఉన్నది. ఆ ఒడంబడిక లేనిచోట, అనగా చరిత్రలో, ఆటలో, అంగడిలో, అదే భూషణం దూషణమవుతుంది. ఇది గ్రహించడానికి మనవారిలోనే ఒక మహాక్రీడాకారుని కథ ఉపకరిస్తుంది.

కొట్టారి కనకయ్య నాయుడు 1895లో నాగపూరులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. సి.కె. నాయుడుగా లోకానికి తెలిసినవారు ఆయనే. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చినప్పుడు, 1926లో, బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టు పక్షాన ఆడి ఆయన 116 నిమిషాలలో 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు 11, ఫోర్లు 13. కూడి చూద్దాం: 153 పరుగులలో 118 బంతిని ఎల్ల దాటించి సంపాదించినవే! ఈ లెక్కకు మనం ఒక్క పరుగైనా చేర్చనక్కరలేదు.

1932లో ఆయన నాయకత్వాన మన జట్టు ఇంగ్లండులో పర్యటించింది. ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో ఆయన కొట్టిన ఒక సిక్సరు పక్కనే పారే రీ నదిని దాటిపోయింది. అక్కడ ఒకప్పుడు ఆ నదియే వార్విక్‌షైరుకూ వూస్టర్‌షైరుకూ పొలిమేర. ఇంకేమున్నది! నాయుడుగారు ఒక కౌంటీలో కొట్టిన బంతి మరొక కౌంటీలో పడిందన్న కథ పుట్టింది. వినేవారి ఊహలో ఆ బంతి క్రోసుల దూరం ప్రయాణం చేసింది.

ఇందులో అబద్ధమెక్కడ ఉన్నది? మాటలలోకన్న మాటలు కలిగించే భావంలోనే ఎక్కువగా ఉన్నది. మన చిల్పూరు ప్రాంతం 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండేది. ఆ యేడు ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. కొత్త జిల్లా ఎల్లమీది పొలంగట్టున నిలిచి ఒక బాలుడు గులకరాయి విసిరితే, అది కూడా జిల్లా దాటినట్టే కదా! ఆ మాటలో ప్రతి అక్షరమూ నిజమే. అయినా అతడు పొలంగట్టు దాటించాడనక జిల్లా దాటించాడని చెబితే, వినేవాణ్ణి తప్పుదారి పట్టించినట్టే. గోరంతను కొండంత చేయడానికి అసత్యం ఆడనక్కరలేదు. సత్యాన్ని నేర్పుగా ఏరుకుంటే చాలు.

దీనివల్ల నష్టమేమని కొందరు అడగవచ్చు. వీరారాధన ఎక్కువైనచోట కష్టం కనుమరుగవుతుంది. 1932 జూనులో లార్డ్స్ మైదానంలో జరిగిన మన మొదటి టెస్టులో నాయుడుగారు చేతికి గాయమైనా ఆడారు. తొలి ఇన్నింగ్సులో ఆయన చేసిన 40 పరుగులే మన జట్టులో అధికం. మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. మొత్తం 7 టెస్టులలో ఆయన చేసినవి 350 పరుగులు, అత్యధికం 81, శతకం ఒక్కటీ లేదు. అతిశయోక్తి ప్రియులు ఈ అంకెలను దాచాలని చూస్తారు. కాని ఆ పర్యటన చూచినవారు ఆయనను తక్కువగా ఎంచలేదు. 1933లో విజ్డెన్ గ్రంథం ఆ యేటి ఐదుగురు మేటి ఆటగాళ్లలో ఆయనను చేర్చింది. అరువై యేళ్లు దాటిన తరువాత కూడా ఆయన రంజీ పోటీలో ఆడారు. ఓటమిని కలిపి చెప్పినప్పుడే ఆ పట్టుదల విలువ మనకు బోధపడుతుంది.

నిత్యజీవితంలోనూ ఇంతే. చిల్పూరు గుట్టమీద వెలసిన స్వామిని బుగులు వేంకటేశ్వరుడంటారు. కుబేరుని అప్పు తీర్చలేక బుగులుతో ఆయన ఇక్కడికి వచ్చాడని స్థలపురాణం. అప్పు లేదని దేవుని చేత కూడా మన పెద్దలు అనిపించలేదు! బాకీ ఉన్నవాడికి బుగులుండడం సహజమన్నారు. తూకంలో కొంచెం, మాటలో కొంచెం, జీతం చెప్పుకోవడంలో కొంచెం పెంచేవాడికి ఆ బుగులు ఉండదు, ఉండవలసింది అతనికే. ఎందుచేతనంటే, ఒకసారి పెంచినట్టు తేలినవాడు తరువాత నిజం చెప్పినా లోకం సగానికి తగ్గించి వింటుంది.

153 పరుగులను 153గానే చెప్పుకుందాం. నాయుడుగారి కీర్తికి అది చాలు; మన మాటకు అదే విలువ.