ఛాయాచిత్ర కూర్పు

ఛాయాచిత్ర కూర్పు లేదా ఫోటో కంపోజిషన్ అనగా ఒక దృశ్యంలో ఏవి చిత్రపు చట్రంలో ఉండవలెనో, ఏవి ఉండరాదో, ఉన్నవి ఎక్కడ ఉండవలెనో నిర్ణయించుట. చిత్రకారుడు ఖాళీ పటం మీద ఒక్కొక్కటిగా చేర్చుకొంటూ పోతాడు. ఛాయాగ్రాహకుడు ఎదుట ఉన్నవాటిలో అక్కరలేనివాటిని తొలగిస్తాడు. అందుకు అతడికి ఉన్న ప్రధాన సాధనం తాను నిలుచునే చోటు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలోని పత్తి, మిరప పొలాల వంటి చదునైన నేల మీద ఈ విషయం సులభంగా తెలుస్తుంది. దాపుగా కొండలు, కట్టడాలు లేనిచోట కూర్పులోని లోపం వెంటనే బయటపడుతుంది.

దిగంతరేఖ, కెమెరా ఎత్తు

చదునైన నేల మీద దిగంతరేఖ ఎల్లప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. కెమెరా కంటే ఎత్తైనది ఆకాశం మీదికి లేస్తుంది, తక్కువ ఎత్తున్నది నేలలో కలిసిపోతుంది. నిలబడి తీసిన చిత్రంలో, వంగి మిరపకాయలు కోసే కూలీ మొక్కల పచ్చదనంలో మునిగిపోయి, ఆమె వీపు మాత్రమే కనిపిస్తుంది. ఛాయాగ్రాహకుడు సాలులో మోకాళ్ళ మీద కూర్చుంటే అదే మనిషి ఆకాశం మీద స్పష్టంగా నిలుస్తుంది, ముఖమూ చేతులూ కనిపిస్తాయి. సాళ్ళ వరుసలు విడివిడిగా చూపవలెనంటే దీనికి విరుద్ధంగా ట్రాక్టరు ట్రక్కు వంటి ఎత్తు ఎక్కవలెను.

మూడింట ఒక వంతు సూత్రం

చట్రాన్ని నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైన అంశాన్ని ఆ గీతలపై లేదా అవి కలిసే చోట్ల ఉంచవలెనని ఈ సూత్రం చెబుతుంది. 1797లో ఆంగ్ల చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ ఈ పేరును వాడినాడు. అప్పటికి ఫోటోగ్రఫీ పుట్టలేదు. ఆయన చెప్పినది ప్రధానంగా నేల, ఆకాశం వంటి భాగాల నిష్పత్తి గురించి. గీతలు కలిసే బిందువుల మాట తరువాత చేరినది. ఆకాశంలో మబ్బు లేనప్పుడు దానికి మూడింట ఒక వంతు కూడా ఎక్కువే.

మిరప కల్లం

ఆరబోసిన మిరపకాయలు ఈ ప్రాంతపు చిత్రాలలో తరచుగా కనిపించే వస్తువు. చట్రం నిండా ఎరుపు మాత్రమే ఉంటే అది కల్లమో, తివాచీయో, ఎకరం స్థలమో, మంచమంత స్థలమో చూపరికి తెలియదు. తాలు కాయలు ఏరుతున్న ఒక్క మనిషి చేరితే కొలత తెలుస్తుంది, ఆ ఎరుపు వెనుక ఉన్న పనీ తెలుస్తుంది. అయితే మనిషిని చట్రం మధ్యలో నిలబెట్టి కెమెరా వైపు చూడమంటే పని ఆగిపోతుంది. అనుమతి అడిగి, కొంతసేపు పక్కన కూర్చుని, చేతులు మళ్ళీ పనిలో పడిన తరువాత తీయుట మేలు.

నలుపు తెలుపు చిత్రంలో మరొక చిక్కు కలదు. కంటికి ఎంతో వేరుగా తోచే పండుమిరప ఎరుపు, ఆకు పచ్చ దాదాపు ఒకే బూడిద రంగుగా మారవచ్చును. కటకం ముందు ఎర్ర ఫిల్టరు పెడితే కాయ తెల్లబడి, ఆకు నల్లబడి, రెండూ విడిపోతాయి.

నిలువు చట్రం

సమతల దృశ్యాలకు అడ్డ చట్రం సహజం. కానీ 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండి, ప్రస్తుతం పల్నాడు జిల్లాలో ఉన్న కోటప్పకొండకు మహాశివరాత్రి నాడు తరలివచ్చే ప్రభలు పదుల అడుగుల ఎత్తు ఉంటాయి. వీటికి నిలువు చట్రం కావలెను. దగ్గర నిలబడి కెమెరాను పైకి వంచితే ప్రభ వెనుకకు వాలినట్లు కనిపిస్తుంది. దూరం జరిగితే ఈ దోషం తగ్గి, కింద ఉన్న జనం కూడా చట్రంలోకి వస్తారు.

వెలుగు

గుంటూరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మిరప ఆరే వేసవి మొదట్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉండి, తలగుడ్డ నీడ కళ్ళను కప్పివేస్తుంది. ఉదయం, సాయంత్రం పక్కనుండి వచ్చే వెలుగులో కాయల ముడతలు, పగిలిన పత్తి పీచు స్పష్టంగా తేలుతాయి. చట్రం నిండా తెల్లని పత్తి ఉంటే కెమెరా కొలమానం పొరబడి చిత్రాన్ని మసకబారుస్తుంది కనుక ఎక్స్‌పోజరును కొద్దిగా పెంచవలెను.