గంజాయి, డోపమైన్, ఉన్మాదం: ఒక కారణాన్వేషణ చరిత్ర

ఉపోద్ఘాతం:
గంజాయి ఉన్మాదానికి కారణమా అన్న ప్రశ్న వలసపాలనలోనే భారతదేశంలో అధికారిక విచారణకు వచ్చింది. దానికి నాడీరసాయనశాస్త్రం సమాధానం వెతకడం ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో మొదలైంది. ఈ రెండు దశలనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆసుపత్రి రికార్డుల్లో కారణం:
1893లో ప్రభుత్వం నియమించిన గంజాయి విచారణ సంఘం 1894లో నివేదిక సమర్పించింది. నాటి పిచ్చాసుపత్రుల రికార్డుల్లో పలువురు రోగుల పేర్ల ఎదుట ఉన్మాదకారణంగా గంజాయి నమోదై ఉండేది. రోగిని తెచ్చిన పోలీసుల మాటే తరచుగా ఆ గడిలో చేరిందని, తగిన విచారణ జరగలేదని సంఘం గుర్తించింది. మితమైన వాడకం వల్ల మనస్సుకు హాని లేదని, మితిమీరినప్పుడు మాత్రం ప్రమాదం ఉందని తేల్చింది.

నాడీరసాయన ఆధారం:
1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ బృందం, సర్పగంధిలోని రిసర్పిన్ వల్ల స్తంభించిన జంతువులు ఎల్-డోపాతో తిరిగి చైతన్యం పొందుతాయని చూపింది. మెదడులో డోపమైన్ స్వతంత్ర పాత్రకు ఈ పరిశోధనలే పునాది. 1964లో ఇజ్రాయెల్‌లో గావోని, మెషూలం గంజాయిలోని ప్రధాన మత్తుపదార్థమైన టీహెచ్‌సీని వేరుచేశారు. 1988లో మెదడులో దాని గ్రాహకం ఉనికి నిర్ధారణైంది. ఆ గ్రాహకానికి అతుక్కునే, మెదడే ఉత్పత్తి చేసుకునే పదార్థం 1992లో దొరికింది. సంస్కృత 'ఆనంద' శబ్దం నుంచి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు.

ఈ గ్రాహకాలు డోపమైన్ కణాలను అదుపుచేసే నాడీతంతువుల చివరల్లో ఉంటాయి. టీహెచ్‌సీ అక్కడ గాబా విడుదలను తగ్గిస్తుంది. పగ్గం సడలడంతో డోపమైన్ కణాల చురుకుదనం పెరుగుతుంది. అయితే దీర్ఘకాలం అధికంగా వాడినవారిలో డోపమైన్ తయారీ తగ్గినట్లు కొన్ని చిత్రణ అధ్యయనాలు చూపాయి. స్కిజోఫ్రీనియాలో సాధారణంగా కనిపించేది దానికి విరుద్ధం.

ముగింపు:
45 వేలకు పైగా స్వీడన్ సైనిక నియామకులపై 1987లో వెలువడిన అధ్యయనంలో, 50 కంటే ఎక్కువసార్లు గంజాయి వాడినవారికి స్కిజోఫ్రీనియా ముప్పు వాడనివారికంటే ఆరు రెట్లు కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకుంటే అది 2.3 రెట్లకు తగ్గింది. వాడినవారిలో అత్యధికులకు ఆ వ్యాధి రాలేదు. కనుక ముప్పు నిజమే గాని, కారణం ఒక్కటే కాదు. 1894లో సంఘం శంకించిన గడిలో 'గంజాయి' అన్న మాటను కొట్టివేసి 'డోపమైన్' అని రాసినంతమాత్రాన రోగి చరిత్ర పూర్తి కాదు.