అడ్డతీగ నార నుంచి ఎవరెస్ట్ తాడు దాకా

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక తాడు గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, చివరిదాకా వినండి.

మాది ఖమ్మం వైపు. మా పెదనాన్న తాళ్లెక్కేవాడు. ఇంట్లో ఆయన మోకు గోడకి వేలాడుతుండేది. పిల్లలం పొరపాటున తొక్కితే, "దాన్ని తొక్కితే నన్ను తొక్కినట్టేరా" అని కసిరేవాడు. అది భక్తి అనుకునేవాణ్ణి. అందులో సైన్స్ కూడా ఉందని ఇప్పుడు తెలిసింది. తొక్కినప్పుడు ఇసుక రేణువులు పోగుల మధ్యకి దూరతాయి. బరువు పడ్డ ప్రతిసారీ అవి తాడుని లోపల్నించే కోస్తాయి.

భద్రాచలం దాటి అడవిలోకి వెళ్తే అడ్డతీగ కనిపిస్తుంది. దాని ఆకులతో విస్తళ్లు కుడతారని అందరికీ తెలుసు. బెరడు నారతో తాళ్లు కూడా పేనుతారు. మైదానంలో గోగునార, కోనసీమలో కొబ్బరి పీచు. వేల ఏళ్లు ప్రపంచమంతా ఇదే కథ: చెట్టు ఇచ్చిన నార, మనిషి పెట్టిన పురి. నార పోగులు పొట్టివి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేది ఆ పురి వల్లే. తడిసి అలాగే ఉంటే కుళ్లిపోతాయి.

ఇప్పుడు ఎవరెస్ట్‌కి వెళ్దాం. 1924 జూన్‌లో టిబెట్ వైపు నుంచి ఎక్కుతూ జార్జ్ మలరీ, ఆండ్రూ ఇర్విన్ మాయమయ్యారు. 75 ఏళ్ల తర్వాత, 1999 మే 1న మలరీ శరీరం దొరికింది. నడుముకి తాడు ఇంకా కట్టే ఉంది, కానీ తెగిపోయి ఉంది. తాడు బిగుసుకున్న చోట గాయం కూడా కనిపించింది. అది సహజ నార తాడు. అప్పటికి మనిషి దగ్గర ఉన్నది అదే.

1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. దీని పోగు ఎంత పొడవైనా తెగకుండా వస్తుంది, కుళ్లదు. అసలు గొప్పతనం ఏంటంటే, సాగుతుంది. క్రికెట్‌లో స్పీడ్‌గా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం కదా? పడిపోయే మనిషిని నైలాన్ తాడు అలా పట్టుకుంటుంది. 1953లో జర్మనీ కంపెనీ ఎడెల్‌రిడ్, లోపల పోగులు, బయట అల్లిన తొడుగు ఉన్న తాడు తెచ్చింది. ఇప్పటి పర్వతారోహకుల తాళ్లు దాని వారసులే.

2014 మే 25. మలరీ వెళ్లిన ఆ టిబెట్ వైపు నుంచే ఇద్దరు తెలుగు పిల్లలు ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. కోచ్ శేఖర్ బాబు. తాడు మీద తొలి పాఠాలు భువనగిరి కొండ మీద. ఆనంద్ ఊరు చర్ల మండలంలో, అంటే మన అడ్డతీగ అడవి అంచున. అక్కడి కుర్రాడు తాడుని నమ్మి 8,848 మీటర్ల ఎత్తుకి వెళ్లి, క్షేమంగా దిగొచ్చాడు.

మరి గట్టి తాడంటే మంచి తాడేనా? కాదు. 1970ల చివర్లో నెదర్లాండ్స్‌లో డైనీమా అనే పోగు పుట్టింది. బరువుకి బరువు చూస్తే ఉక్కు కంటే చాలా రెట్లు బలం, నీళ్ల మీద తేలుతుంది. పడవ లాగడానికి, బరువులు కట్టడానికి బ్రహ్మాండం. కానీ అది దాదాపు సాగదు. దాని మీద మనిషి పడితే ఆ కుదుపంతా నడుముకే. పైగా నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి జారిపోతుంది. 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, రాపిడి వేడి పనికిరాదు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. పడిపోయే ప్రమాదం ఉంటే సాగే తాడు, దాని మీద ఈఎన్ 892 అని ఉంటుంది. దిగడానికి, వేలాడి పని చేయడానికి తక్కువ సాగే తాడు, ఈఎన్ 1891. సంతలో కిలో లెక్కన దొరికే రంగు ప్లాస్టిక్ తాడు గేదెకి సరే, మనిషి ప్రాణానికి కాదు. ఎండలో వదిలెయ్యొద్దు. ట్రాక్టర్ బ్యాటరీ పక్కన అసలే పెట్టొద్దు, యాసిడ్ నైలాన్‌ని తినేస్తుంది, పైకి కనపడదు కూడా. ఎక్కేముందు మొత్తం తాడుని వేళ్లతో తడిమి చూడండి. మెత్తబడ్డ చోటు తగిలితే ఆ తాడు పని అయిపోయినట్టే.

2024 జూలై 14న లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్ల తాడు, బెల్టు చివరికి తాటిచెట్టు దగ్గరికొచ్చాయి. మా పెదనాన్నకి ఆలస్యమైపోయింది. ఒక వానాకాలం పొద్దున మోకు జారి పడ్డాడు, నడుం మళ్లీ లేవలేదు. ఆయన తప్పేం లేదు, చెట్టు తప్పూ లేదు. 1953 నాటి తాడు మా ఊరికి రావడానికి 70 ఏళ్లు పట్టింది, అంతే.

మీ ఇంట్లో చెట్టెక్కేవాళ్లు ఉంటే, ఈ సాయంత్రం వాళ్ల తాడుని ఒక్కసారి తడిమి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.