సంకల్పంలోని కాలం – చరిత్రలోని దూరం

విజయవాడ–తెనాలి రైలుమార్గంలోని కొలకలూరులో ఒక గృహస్థు పూజకు ఉపక్రమించి ఆచమనం చేసి సంకల్పం చెప్పుకొంటాడు. అందులో మొదట కాలం, పిదప దేశం. బ్రహ్మదేవుని ద్వితీయ పరార్ధంతో ఆరంభమై, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగ ప్రథమపాదం మీదుగా ఆ గణన సంవత్సర నామానికీ, ఋతువుకూ, చివరకు ఆనాటి తిథికీ దిగివస్తుంది. దేశం కూడా అంతే నిర్దిష్టం. కృష్ణకు దక్షిణాన ఉన్న ఆ గ్రామవాసి తనను కృష్ణా కావేరీ మధ్యదేశస్థునిగా చెప్పుకొంటాడు. ఆవలి గట్టున విజయవాడ వాసి కృష్ణా గోదావరీ మధ్యదేశస్థునిగా చెప్పుకొంటాడు.

కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలు. అందులో ఒక పాదం 1,08,000. సంప్రదాయ గణన ప్రకారం కలి ప్రవేశించి 5,120 ఏళ్లు దాటాయి. అనగా ప్రథమపాదంలో ఇరవయ్యో వంతు కూడా ఇంకా గడవలేదు. ఇంతటి మహాకాలాన్ని నిత్యం స్మరించే మనస్సుకు వెయ్యి సంవత్సరాలు స్వల్పంగా తోచడం సహజం. తత్ఫలితంగా ‘పూర్వం’ అనే ఒక్క మాటలో శాతవాహనులు, శంకరులు, నన్నయ, కృష్ణదేవరాయలు అందరూ సమకాలికులవలె ఒదిగిపోతారు.

షష్టి సంవత్సర చక్రం ఈ భ్రమను మరింత దృఢం చేస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు కొండవీడును జయించిన 1515వ సంవత్సరం పేరు యువ. 1995లో ఉగాదితో ప్రవేశించిన సంవత్సరం పేరూ యువయే. నామం ఒకటే, నడుమ ఎనిమిది ఆవృత్తులు గడిచాయి. అందుచేతనే పూర్వులు శాసనాలలో నామసంవత్సరంతో తృప్తి చెందక శకవర్షాన్ని కూడా చెక్కించారు. కొండవీటి విజయం శక 1437. చక్రం పునరావృత్తిని చెబుతుంది. శకసంఖ్య దూరాన్ని చెబుతుంది.

ఆ దూరాన్ని కొలవడానికి కొలకలూరు పరిసరాలే చాలు. తెనాలి–రేపల్లె మార్గంలో భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపంలో లభించిన ధాతుకరండాలపై కుబీరకుడనే రాజు పేరు ఉన్నది. ఆ లేఖనాలు క్రీ.పూ. 3వ శతాబ్దం నాటివని పలువురు పండితుల అభిప్రాయం. నన్నయ భట్టారకుని ఆదరించిన రాజరాజ నరేంద్రుడు 1022 నుండి 1061 వరకు పాలించాడు. కుబీరకునికీ నన్నయకూ నడుమ సుమారు 1,300 ఏళ్లు. నన్నయకూ నేటికీ నడుమ వెయ్యి ఏళ్లకు లోపే. ఆదికవి భట్టిప్రోలు లేఖకులకంటె నేటి పాఠకులకే సమీపవర్తి.

ఇట్టి పోలిక వినోదమాత్రం కాదు. దర్శన చరిత్రలో ఒక ప్రసిద్ధ విశ్వాసాన్నే ఇది ప్రశ్నిస్తుంది. శంకర భగవత్పాదుల వాదధాటికి బౌద్ధం వెనువెంటనే అంతరించిందని పలువురు భావిస్తారు. ఆధునిక చరిత్రకారులు వారి కాలాన్ని క్రీ.శ. 8వ శతాబ్దంగా పరిగణిస్తారు. అమరావతి శాసన సాక్ష్యం గమనింపదగినది. 1182లో ధరణికోట ప్రభువు కోట కేతరాజు అమరేశ్వరునికే కాక అచటి బుద్ధదేవునికి సైతం దానాలు చేశాడు. సింహళంలోని గడలదెణియ శిలాశాసనం ధర్మకీర్తి అనే స్థవిరుడు శ్రీధాన్యకటకంలో ప్రతిమాగృహాన్ని పునరుద్ధరించినట్లు తెలుపుతుంది. దాని కాలం 1344.

శంకరులకూ ధర్మకీర్తికీ నడుమ గల వ్యవధి ఐదు శతాబ్దాలకు పైమాటే. కృష్ణదేవరాయలు కొండవీడును జయించిన నాటినుండి నేటివరకు గడిచిన కాలం కూడా దాదాపు అంతే. అంత దీర్ఘకాలం జరిగినదానిని ‘వెనువెంటనే’ అనడం యుక్తం కాదు. మఠ సంప్రదాయాలు కొన్ని శంకరులను ఇంకా ప్రాచీనులుగా గణిస్తాయి; ఆ గణనను అంగీకరిస్తే ఈ అంతరం మరింత పెరుగుతుందే కాని తరగదు.

దీనివలన ఆచార్యుల మహిమకు లోపం లేదు. మాధ్యమిక దర్శన ప్రవర్తకుడు నాగార్జునుడు క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతంవాడు. ఆయనకూ శంకరులకూ నడుమ సుమారు ఆరు శతాబ్దాలు. శంకరులకూ 1386లో సిద్ధి పొందిన విద్యారణ్యులకూ నడుమ ఇంచుమించు మరో ఆరు. విద్యారణ్యులనుండి నేటికి మరో ఆరు శతాబ్దాల పైచిలుకు. భాష్యంలో పూర్వపక్షమూ సిద్ధాంతమూ ఒకే పుటలో ఎదురెదురుగా కూర్చుంటాయి. వాటి నడుమ మాత్రం తరతరాల అధ్యయనం, ఖండనం, పునర్విచారం ఉన్నాయి. ఒక శ్లోకానికి సమాధానం పరిపక్వం కావడానికి పది షష్టిపూర్తుల కాలం పట్టవచ్చు.

సంకల్పం నేర్పే క్రమమూ ఇదే. అది పరార్ధంతో ఆరంభమైనా పరార్ధం వద్ద ఆగదు. తిథి, వార, నక్షత్రాలను చెప్పనిదే ముగియదు. అనంతకాల స్మరణ వినయాన్ని ప్రసాదిస్తుంది. నిర్దిష్టకాల గణన సత్యాన్ని రక్షిస్తుంది. రెండింటినీ ఒకే వాక్యంలో కూర్చిన పూర్వుల గురించి యోచించేటప్పుడు, వారి మధ్య దూరాలను కూడా అంతే శ్రద్ధతో గణించడం వారికి చెల్లించవలసిన ఋణం.