ప్రోగ్రాములకు అందు వారసత్వము

సికింద్రాబాదులో ఉదయము 6 గంటలు. ఒకే కంప్యూటరులో ఒకే ప్రోగ్రాము ఒకరికి 6-00 అనియు, మరియొకరికి 0-30 అనియు కాలమును చూపవచ్చును. ఇందు గడియారపు దోషము లేదు. మొదటివారి ప్రోగ్రామునకు భారత ప్రామాణిక కాలమును పాటింపుమను సూచన అందినది. రెండవవారి ప్రోగ్రామునకు అది అందలేదు. యంత్రమున ముందే నిర్ణయించియుంచిన సార్వత్రిక కాలమును అది అనుసరించినది. ఇట్లు ప్రోగ్రామునకు వెలుపలినుండి అందు సూచనలను పరిసర చరరాశులు అందురు.

ఈ పద్ధతికి పుట్టినిల్లు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు. అచట 1969లో యూనిక్స్ వ్యవస్థకు అంకురార్పణ జరిగినది. మనము టైపు చేసిన ఆదేశమును గ్రహించి, తగిన ప్రోగ్రామును నడిపించు మధ్యవర్తికి అందు షెల్ అని పేరు. కెన్ థాంప్సన్ వ్రాసిన తొలి షెల్‌లో, ప్రోగ్రాములను వెదకవలసిన స్థానములు లోపలనే స్థిరముగా వ్రాయబడియుండెను. వానిని మార్చవలెనన్న షెల్‌నే మార్చవలెను.

1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పు ఈ చిక్కును తీర్చినది. అందు స్టీఫెన్ బోర్న్ వ్రాసిన క్రొత్త షెల్ ఉన్నది. వెదకు స్థానముల పట్టికకు ‘పాత్’ అనియు, వినియోగదారుని సొంత స్థానమునకు ‘హోమ్’ అనియు పేర్లు పెట్టి, ఆ పేర్లను, వాని విలువలను ప్రతి ప్రోగ్రామునకు అందజేయు ఏర్పాటు జరిగినది. కాలమండలమును తెలుపు ‘టీజెడ్’ తరువాతి కూర్పులలో చేరినది.

ఈ వారసత్వమునకు రెండు నియమములు కలవు. షెల్ తల్లి, అది నడిపించు ప్రోగ్రాము బిడ్డ అనుకొందము. ‘ఎక్స్‌పోర్ట్’ అను ఆదేశముతో గుర్తించిన చరరాశులు మాత్రమే బిడ్డకు అందును. అందునదియు నకలే. బిడ్డ దానిని ఎంత మార్చినను తల్లి వద్దనున్న విలువ చెక్కుచెదరదు.

సూచన ఏల అవసరము? 1906లో అమలైన మన ప్రామాణిక కాలము, కాకినాడ సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖాంశమునకు చెందినది. సికింద్రాబాదున సూర్యుడు నడినెత్తికి వచ్చుట దానికంటె సుమారు 16 నిమిషములు ఆలస్యము. కాలము మనుష్యులు చేసికొన్న ఒడంబడిక. చెప్పనిదే యంత్రమునకు తెలియదు.

ఐనను చెప్పిన ప్రతి మాటను నమ్ముట ప్రమాదకరము. 2014 సెప్టెంబరులో, బహుళ ప్రచారముగల ‘బాష్’ అను షెల్‌లో ‘షెల్‌షాక్’ అను లోపము బయటపడినది. చరరాశి విలువ ఒక ప్రత్యేక రూపములో ఉన్నచో, దాని చివర చేర్చిన మాటలను బాష్ ఆదేశములుగా భావించి అమలు జరిపెడిది. కొన్ని వెబ్ సర్వర్లు దూరమునుండి వచ్చిన అపరిచితుల మాటలను చరరాశులలో ఉంచి ప్రోగ్రాములకు అందించుచుండెను. కనుక ఆ అపరిచితులే యంత్రమునకు ఆజ్ఞలీయగలిగిరి. ఈ లోపము 1989 నుండియు అందు దాగియుండెను.

వారసత్వముగా వచ్చినదానిని సమాచారముగా స్వీకరింపవలెను. పరీక్షింపక ఆజ్ఞగా శిరసావహింపరాదు. పాతికేండ్లు దాగిన ఆ దోషము నేర్పిన పాఠమిదియే.