మట్టి తలుపు

ఏప్రిల్ నెల. జైసల్మేర్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరి సమ్ దారిలో వచ్చి, సుదాసరి దగ్గర జీపు దిగాం. 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానంలో ఒక మూల ఇది. థార్ అనగానే ఇసుక తిన్నెలే గుర్తొస్తాయి గానీ మనకు కావలసింది గట్టి నేల. తిన్నెలో బొరియ తవ్వితే నిలుస్తుందా? ఇక్కడ గులకరాళ్లు, సేవణ్ గడ్డి దుబ్బులు, దూరంగా ఒక ఖేజ్‌డీ చెట్టు. కొత్తదేం కాదు, మన దసరా జమ్మే.

బోర్లా పడుకోండి. దగ్గు వచ్చినా ఆపుకోండి. ఇరవై అడుగుల దూరంలో డ్రైవరు వేలు చూపించిన చోట కాస్త మెత్తటి మన్ను కనిపిస్తోంది కదా, అదే తలుపు. దాని వెనకాల మెలికలు తిరిగిన సొరంగం. అందులో సాండా. పుస్తకాల్లో ముళ్లతోక బల్లి అని రాస్తారు. నన్నడిగితే బాగా బలిసిన తొండ.

ఎండ ఇంకా చురుక్కుమనలేదు. దానికీ తొందర లేదు.

మన్ను కదిలింది. ముందు చిన్న చిల్లు, తర్వాత మొద్దు మూతి. తల బయటపెట్టి అలాగే ఉండిపోయింది, అరుగు మీద కూర్చున్న ముసలాయనలా. చాలాసేపటికి ఒళ్లంతా బయటికొచ్చింది. మగది 40 సెంటీమీటర్లు దాటుతుంది. ఒళ్లు ఇప్పుడు మట్టిరంగు కంటే నల్లగా ఉంది. ఆ నలుపే ఎండను లాక్కుంటుంది. వేడెక్కేకొద్దీ మన కళ్లముందే పాలిపోతూ ఇసుకరంగుకు తిరుగుతోంది. తొండ ముదిరి ఊసరవెల్లి అవడమంటే ఇదేనేమో!

బైనాక్యులర్ అందుకోండి. తోక మీద వరసలు వరసలుగా ముళ్లు. ముక్కురంధ్రాల చుట్టూ తెల్లటి పొక్కు చూశారా? ఉప్పు. నీళ్లు దొరకని చోట ఒంట్లో మిగిలిన ఉప్పును మూత్రంలో పోసుకుంటే తడి ఖర్చవుతుంది. అందుకని ముక్కులోని గ్రంథుల గుండా చీదేస్తుంది. కావలసిన తడి ఆకుల్లోంచే తెచ్చుకుంటుంది. పిల్లప్పుడు పురుగులు తిన్నా, పెద్దయ్యాక దాదాపు శాకాహారే. అదిగో, పాక్కుంటూ వెళ్లి ఒక పువ్వు తెంపింది. నాలుగు నమిలి తలెత్తి ఆకాశంలోకి చూసింది. మళ్లీ నమిలింది. బొరియను వదిలి ఎక్కువ దూరం పోదు.

పోకపోవడానికి కారణం ఇప్పుడే వచ్చింది. గడ్డి మీదుగా ఒక నీడ జారింది. డేగో గద్దో పోల్చుకునేలోపే సాండా లేదు. బొరియ నోటికి అడ్డంగా ముళ్లతోక మాత్రం మిగిలింది. లాగబోతే కొరడాలా కొడుతుంది, ఒళ్లు ఉబ్బించి గోడలకు బిగించుకుంటుంది. ఉడుముది గోళ్ల పట్టయితే దీనిది పొట్ట పట్టు. గద్దలే కాదు, ఒకప్పుడు మన రోళ్లపాడు గడ్డిలో తిరిగిన బట్టమేక పిట్ట కూడా ఇక్కడ దీన్ని తింటుంది.

ఆ పట్టు పలుగు ముందు పనికిరాదు. తోక మొదట్లో ఉండే కొవ్వు కోసం బొరియలు తవ్వి పట్టుకుంటారు. పారిపోకుండా నడుము విరుస్తారు, ప్రాణంతోనే ఉంచుతారు. ఆ కొవ్వు కరిగించిన నూనెకు కీళ్లనొప్పుల నుంచి మగతనం దాకా అన్నీ కుదురుస్తుందని పేరు. ఏ కొవ్వు కరిగించినా జిడ్డే వస్తుంది, దీనికి వేరే మహిమేం లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దీన్ని వేటాడటం నేరమని తెలిసీ అమ్ముతారు, తెలిసీ కొంటారు.

నడినెత్తిన ఎండ. మోచేతుల కింద నేల కాలుతోంది. సాండా ఎప్పుడో లోపలికి పోయింది. మనమూ జమ్మినీడకు పోదాం, సీసాలో నీళ్లు వేడెక్కిపోయాయి గానీ తాగక తప్పదు.

పొద్దు వాలాక మళ్లీ ఇక్కడే బోర్లా పడుకున్నాం. అది ఇంకో రెండు ఆకులు కొరికి, ఒక్కసారి చుట్టూ చూసి, తలకిందులుగా దిగిపోయింది. లోపలి నుంచి మన్ను ఎగదోస్తోంది. చిల్లు సగమైంది, రూపాయి బిళ్లంతైంది, పూడిపోయింది.

వేలు పెట్టి చూపించమంటే ఇప్పుడు డ్రైవరు కూడా తడుముకుంటున్నాడు.